పద్నాలుగో పాఠంలో ఖాళీ

మా ఇంగ్లిష్ శిక్షణ సంస్థలో ఆయన్ని అందరూ బ్లేడు మాస్టారనేవారు. మాటలతో బ్లేడు వేసే రకం అనుకునేరు, ఆయన నోట మాట రావడమే గగనం. రికార్డు చేసిన టేపులోంచి దగ్గులూ తడబాట్లూ బ్లేడుతో కోసి, అతుకు తెలియకుండా అంటించడం ఆయన పని. మా వ్యాకరణ పాఠాల క్యాసెట్లు ముప్పయ్యీ ఆయన చేతి మీదుగా వచ్చినవే. వాటిలో గొంతు ఆయన భార్యది.

ఆవిడ పోయి పదకొండేళ్లయింది. గొంతు మాత్రం రోజూ తొమ్మిదింటికి ల్యాబులో లేచేది. ఒక వాక్యం చెప్పి ఆగేది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఇరవై మంది అదే తీరులో అప్పజెప్పేవారు. చివరి మాట కాస్త సాగదీయడం ఆవిడ అలవాటు. ఆ సాగదీత ఇరవై నోళ్లలోంచి ఒక్కసారిగా వినబడితే నాకు ఒళ్లు జలదరించేది. రికార్డింగు గది అద్దం వెనక కూర్చున్న ఆయన, ఆ ఖాళీల్లో పెదవులు కదిపేవారు. పాపం, ఈ వయసులో ఇంగ్లిష్ నేర్చుకుంటున్నారనుకునేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఈమధ్య పిల్లలకి వ్యాకరణం చేదైంది. వీధిలో మాట్లాడే ఇంగ్లిష్ కావాలన్నారు. ఆ స్లాంగ్ పాఠాలు రాసింది నేనే. "ఈ క్యాసెట్ల భాష ఇప్పుడెవరు మాట్లాడతారండీ, పారేద్దాం" అని మేనేజరుతో అన్నదీ నేనే.

పారేసే ముందురోజు మధ్యాహ్నం ల్యాబుకి వెళ్లాను. ఆయన ఒక్కరే పద్నాలుగో పాఠం పెట్టుకుని కూర్చున్నారు. భోజనం చేశారా అని ఆవిడ ఇంగ్లిషులో అడిగింది. ఆగింది.

"తిన్నానే" అన్నారాయన ఆ ఖాళీలో. "ఇవాళ తొందరగానే తిన్నాను."

నేను చేసిన పాపం అప్పుడు తెలిసింది.

"క్యాసెట్లన్నీ ఇంటికి తీసుకెళ్లండి మాస్టారూ. ఆవిడ మీ దగ్గరే ఉంటారు" అన్నాను.

"గొంతు ఉంటుందమ్మా, మనిషి ఉండదు. ఇంట్లో ఒక్క ఇంగ్లిష్ ముక్క మాట్లాడిందా! సగం తిట్లు, సగం నవ్వులు. ఇదిగో, రికార్డింగప్పుడు ఈ ప్రశ్న చదివాక అద్దంలోంచి నన్ను చూసి, 'ఏవండోయ్, మొహం వేలాడిపోయింది, ఆకలేస్తే చెప్పొచ్చుగా' అంది. పకపకా నవ్వింది కూడా."

"ఏదీ, వినిపించండి."

ఆయన వెనక్కి తిప్పి మళ్లీ పెట్టారు. ప్రశ్న వచ్చింది. ఆ తర్వాత ఖాళీ. ఎంత చెవి పెట్టినా అతుకు ఎక్కడో తెలియలేదు.

"రెండు మూరల టేపు ముక్క" అన్నారు. "నేనే కోశాను. నేనే చెత్తబుట్టలో వేశాను. పని శుభ్రంగా ఉందని ఆవిడే మెచ్చుకుంది."

ఆయన క్యాసెట్టు తీసి పెట్టెలో పెట్టారు.

"మీ కొత్త పాఠాల రికార్డింగు ఎప్పుడమ్మా?"

"సోమవారం మాస్టారూ."

"చదివేవాళ్లు మధ్యలో నవ్వితే, కోసెయ్యమని నాకు చెప్పకమ్మా."