నిదానం తరఫున కండక్టరమ్మ

కండక్టరమ్మకు ఆ ఇంట్లో జీతం లేదు. వంటింటి పక్కన మంచం పట్టేంత గది, అందరితో పాటు భోజనం, వారానికొక రోజు సెలవు. ఒప్పందం అదీ. ఆ సెలవు రోజున కూడా ఎవరో ఒకరు తలుపు తట్టి, "నా ఇంకో సాక్సు ఏదీ?" అంటారు. ఇవాళ సెలవు అని చెబితే, "అయితే ఖాళీయేగా, వెతికిపెట్టు" అంటారు. ఆ మాటకు జవాబు చెప్పగల మొనగాడు ఎవరైనా ఉంటే ఆమె గదిలోకి వచ్చి చెప్పవచ్చు.

ఆమె సగం జీవితం సిటీ బస్సులో నిలబడే గడిపింది. మోకాళ్ళు మొరాయించాక ఉద్యోగం మానుకుని అన్నగారింటికి చేరింది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ఇంకెక్కడికి పోతుంది? అక్కడ వదినకూ ఆమెకూ వంటింట్లో గిన్నె సర్దే చోటు దగ్గర కూడా పడలేదు. సరిగ్గా అప్పుడే, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న నలుగురు పెద్దవాళ్ళు కలిసి బతుకుతున్న ఈ ఇంట్లో తోడుగా ఉండే మనిషి కావాలని తెలిసింది. "మూడు నెలలు చూద్దాం" అని పెట్టె సర్దుకుని వచ్చింది. తర్వాత ఏళ్ళు గడిచాయి. ఎవరైనా అడిగితే, ఆ మూడు నెలలు ఇంకా పూర్తి కాలేదంటుంది.

ఇంటి పెత్తనం, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడది. పెద్దమ్మ అరవదు, కసరదు, నియమాలు మాత్రం పెడుతుంది. అందులో మొదటిది, ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి. కూర వడ్డించేటప్పుడు "ఇంకాస్త వేయనా?" అని అడిగితే, ఆ మనిషి నోరు విప్పి చెప్పేదాకా గరిట గాలిలోనే ఉండాలి. వినడానికి ఎంత బాగుందో చూడండి. గరిట పట్టుకున్నది పెద్దమ్మ కాదు కదా మరి.

ఇక నిదానం సంగతి. ఆ నలుగురిలో ఒకడు. నలభై దాటిన మనిషి, పొడగరి, పాపిడి ఎప్పుడూ చక్కగా తీసుకుంటాడు. ఆ పేరు పెట్టింది ఆ నలుగురిలోనే ఉన్న పిన్ని. ఇంట్లో అందరికీ పేర్లు పెట్టేది ఆవిడే. టీలో చక్కెర వేయాలా అని నిదానాన్ని అడిగితే ముందు కప్పు వైపు చూస్తాడు, తర్వాత మీ వైపు, ఆ తర్వాత కిటికీ వైపు. ఈలోపల టీ మీద మీగడ కడుతుంది. అప్పుడు చెబుతాడు. చెప్పింది ఇక మార్చడు, ఆ మాట ఒప్పుకోవాలి.

కండక్టరమ్మ తీరు వేరు. "ఎక్కడికి?" అని అడిగితే వేలు టికెట్ల కట్టను తాకేలోపు జవాబు వచ్చి పడాలి. అందుకని నిదానం బదులు తనే చెప్పేసేది. బట్టల షాపులో "ఆయనకి నీలంది ఇవ్వండి", బార్బరు దగ్గర "పొట్టిగా తీసెయ్". ఒకసారి డాక్టరు ఏం బాధ అని అడిగితే, "పొద్దుటి నుంచి కడుపులో నొప్పండీ, సరిగ్గా తినలేదు" అంది. డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి పొట్టంతా నొక్కి చూశాడు. అంతా అయ్యాక నిదానం పైకి చూసి, "చెవి" అన్నాడు. పిన్ని ఆ కథను వచ్చినవాళ్ళందరికీ చెప్పి కండక్టరమ్మ పరువు తీసింది. అయినా ఆమె నోరు ఆగితేనా.

ఇలా ఉండగా నిదానం తమ్ముడు దిగాడు. ఊరికి ఆ చివర సైకిళ్ళు బాగుచేసే షాపు అతనిది. తల్లి పోయినప్పుడు అన్నను ఇక్కడ చేర్చాడు, ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి వచ్చి చూసి వెళ్ళేవాడు. ఇప్పుడు షాపు వెనక గది ఖాళీ అయిందట, అన్నయ్యను తీసుకెళతానంటాడు. ఇలాంటి ఇళ్ళను చూసే ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి నిదానాన్నే అడుగుతారని, అతను ఏం చెబితే అదే జరుగుతుందని పెద్దమ్మ చెప్పింది.

కండక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇన్నేళ్ళూ అజా అయిపూ లేదు. ఇప్పుడు ప్రేమ పొంగుకొచ్చిందా? షాపులో జీతం లేని మనిషి కావాలి, అంతే."

"నువ్వూ జీతం లేని మనిషివేగా," అంది పెద్దమ్మ.

అసలు మంట అది కాదు. రోజూ ఆమె గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి తుడిచేది నిదానమే. ఆ ఇంట్లో ఆమెను ఏదీ వెతికిపెట్టమని అడగకుండా, 'అక్కా' అంటూ ఊరికే పక్కన నిలబడే మనిషి అతనొక్కడే. అతను లేని వంటిల్లు తలుచుకుంటే ఆమెకు ఏడుపు వచ్చేది. ఏడవడం చేతగాక కోప్పడేది.

అందుకని తర్ఫీదు మొదలుపెట్టింది. గిన్నెల దగ్గర రోజూ అదే పాఠం.

"ఆఫీసరు అడిగితే ఏం చెప్తావు నాయనా?"

నిదానం చేతిలో గిన్నె కింద పెట్టేవాడు. "నేను..."

"ఆఁ. నేను ఇక్కడే ఉంటాను. అను."

"ఇక్కడే ఉంటాను," అనేవాడు. కాసేపటికి మళ్ళీ, "తమ్ముడు..."

"తమ్ముడి సంగతి నీకెందుకు? వాడితో నేను మాట్లాడతా. నువ్వు ఈ ఒక్క ముక్క చెప్పు చాలు."

నిదానం గిన్నె తీసుకుని మళ్ళీ తుడిచేవాడు.

అధికారి వచ్చిన రోజు ముందు గదిలో అందరూ కూర్చున్నారు. ఆవిడ సన్నగా, నెమ్మదిగా ఉంది. తమ్ముడు గోళ్ళలో నల్లటి గ్రీజుతో ఓ మూల కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. పిన్ని గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" అని అడిగింది అధికారి.

నిదానం ఆవిడ చేతి సంచీ వైపు చూశాడు. తర్వాత ఆవిడ వైపు. తర్వాత కిటికీ. కండక్టరమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చేతుల్ని ఆపింది గానీ నోటిని ఏం చేస్తుంది? నేర్పినంతా నీళ్ళపాలవుతోంది.

"నేను..." అన్నాడు నిదానం.

"ఇక్కడే ఉంటానంటున్నాడండీ. రోజూ నాతో అదే మాట."

అధికారి మర్యాదగానే, "నేను అడిగింది మిమ్మల్ని కాదండీ. కాసేపు బయట కూర్చుంటారా?" అంది.

టికెట్టు లేనివాళ్ళను ఎంతమందిని బస్సు దింపిందో లెక్కలేదు. ఇవాళ తననే దింపేశారు. ఆమె వెళ్ళి ముంగిట మెట్టు మీద కూర్చుంది. అధికారి మీద, తమ్ముడి మీద, పెద్దమ్మ నియమాల మీద, చివరికి చెప్పుల మీద కూడా కోపం వచ్చింది. లోపల ఎంతసేపటికీ మాట వినబడలేదు. మర్చిపోయాడు, అంతా అయిపోయింది అనుకుంది. అప్పుడు కిటికీలోంచి నిదానం గొంతు వినిపించింది.

"తమ్ముడి దగ్గర ఉంటా."

"ఎందుకో చెప్తారా?"

ఆమె మెట్టు మీదే కిటికీ వైపు జరిగింది.

"అక్కడ నాకు పనుంది. వాడు చక్రం పట్టుకుంటే నేను ట్యూబు లాగాలి. ఇక్కడ అన్నీ అక్కే చేస్తుంది."

తమ్ముడు బయటికి వచ్చి ఏదో చెప్పబోయాడు. ఆమె మొహం చూసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం గిన్నెల మోత ఇల్లంతా వినబడింది. నిదానం ఎప్పటిలాగే గుడ్డ తీసుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె తల తిప్పలేదు.

"ఇన్ని రోజుల నుంచి అడుగుతున్నానే. వెళ్తానని నాతో ఒక్క ముక్క అనకూడదూ? ఆ వచ్చినావిడకి చెప్పాలా ముందు?"

నిదానం చేతిలో పళ్ళెం కింద పెట్టాడు. దాని వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు, తర్వాత కిటికీ వైపు. ఆమె నాలుక చివరిదాకా నాలుగు జవాబులు వచ్చాయి. నాలుగూ మింగింది. కుళాయి కట్టేసి, తడి చేతులతో అలాగే నిలబడింది.

"రోజూ చెబుతూనే ఉన్నా అక్కా," అన్నాడు.