రామసుబ్బమ్మ మీద ఊరి అభిప్రాయాలు

బద్వేలులో చదువు వచ్చినవాళ్ళు రెండు వందల మంది ఉంటే, అందులో నూట తొంభై మందికి రామసుబ్బమ్మ బాగా తెలుసు. వాళ్ళు ఆమె ఇంటి గడప తొక్కలేదు, ఆమె చేతి మజ్జిగ తాగలేదు, ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఒక నవల చదివి తెలుసుకున్నారు. మిగిలిన పది మంది నవల కూడా చదవలేదు. చదివినవాళ్ళు చెబితే విని తెలుసుకున్నారు.

ఆ నవల పేరు నేను చెప్పను. చెబితే ఇంకో నాలుగు కాపీలు అమ్ముడుపోతాయి. రాసినవాడు ఆమె మొగుడు నరసింహయ్య. రిజిస్ట్రారు ఆఫీసు ముందు రేకుల పంచలో చాప వేసుకుని దస్తావేజులు రాసే మనిషి. తూర్పున ఫలానావాడి చేను, పడమర వంక అని ఇరవై ఏళ్ళు ఊరివాళ్ళ పొలాలకు హద్దులు రాసి రాసి చెయ్యి తిరిగింది. ఇక తన ఇంటికి కూడా రాద్దామనుకున్నాడు.

నవలలో చంద్రశేఖరమనే సున్నిత హృదయుడు ఉంటాడు. ఆయనకు జగదాంబ అనే పెళ్ళాం ఉంటుంది. చంద్రశేఖరం వెన్నెలను చూసి నిట్టూరుస్తాడు, జగదాంబ పిడకలు ఎత్తిపెడుతుంది. చంద్రశేఖరం పద్యం చదువుతాడు, జగదాంబ చింతపండు ఏదని అడుగుతుంది. రెండు వందల పన్నెండు పేజీల్లో ఇంతకంటే జరిగేదేమీ లేదు. చివరి పేజీలో చంద్రశేఖరం ఇల్లు విడిచి, ఒంటరిగా రైలెక్కి పోతాడు. మా ఊరికి రైలే లేదు. నరసింహయ్య ఏ రైలూ ఎక్కకుండా రోజూ పొద్దున ఆమె పెట్టిన సంగటి తిని, ఆమె ఉతికిన పంచె కట్టుకుని, దస్తావేజులు రాసుకోవడానికి పోతున్నాడు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో పది కాపీలు చంకన పెట్టుకుని అక్కడి డేరాల ఆఫీసుల చుట్టూ వారం రోజులు తిరిగాడు. పెద్దమనుషులు మెచ్చుకున్నారని వచ్చి చెప్పాడు. ఎండకు డేరాల్లో ఉడుకుతున్న పెద్దమనుషులు విసురుకోవడానికి ఏది దొరికినా మెచ్చుకునే ఉంటారు.

తాలూకా ఆఫీసు పక్కన అద్దె ఇంటి పంచలో మా గ్రంథాలయం ఉంది. అక్కడికి వచ్చే పాఠకులకు ఒక జబ్బు. పుస్తకం చదివి ఊరుకోరు. పేజీ అంచుల్లో తమ అభిప్రాయం రాసి కానీ తిరిగి ఇవ్వరు. ఒకడు రాసిన దాని కింద ఇంకొకడు ‘నీ మొహం’ అని రాస్తాడు. వేరే పుస్తకాలకు రెండు మూడు చోట్ల ఈ పుండ్లు ఉంటే, ఈ నవలకు ఒళ్ళంతా లేచాయి. ఊళ్ళో మనిషి రాసినది, ఊళ్ళో మనిషి మీద రాసినది, అందునా ఆడమనిషి మీద. కొళాయి దగ్గర ఆడవాళ్ళు కూడా ఆమెను ‘జగదాంబా, నీ బిందె జరుపు’ అనే దాకా వచ్చింది.

రామసుబ్బమ్మది బనగానపల్లె పక్కన ఒక పల్లె. పదమూడో ఏట ఈ ఊరికి కోడలుగా వచ్చింది. రెండు ఎనుములను మేపి, పాలు పెరుగు అమ్మి ఇల్లు నడిపింది. నవల అచ్చు ఖర్చుకు ఒక ఎనుము అమ్ముడుపోయింది. ఆ సంగతి నవలలో లేదు.

నాకు ఆమెతో పరిచయం కోత ముక్కల వల్ల. నేను పుస్తకాలు బైండు చేసేవాణ్ణి. అక్షరాలు నేర్చుకున్నది కూడా కుట్లు ఊడి నా ముందు పడిన పుస్తకాల్లోనే. వాటిలో చాలావాటికి మొదలు ఉండదు, కొన్నింటికి చివర ఉండదు. కుట్టు పూర్తయ్యాక పుస్తకాన్ని చెక్కల మధ్య బిగించి, మూడు వైపులా అంచు కోస్తే కాగితపు తునకలు రాలతాయి. వాటి కోసం ఆమె గోనెసంచి తీసుకుని వచ్చేది. మూడు రోజులు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, బోర్లించిన కుండ మీద మెత్తి ఎండబెడితే బుట్ట అవుతుంది. మెంతుల చేదుకు పురుగు పట్టదు. తునకలకు బదులుగా నాకు ఒక చెంబెడు మజ్జిగ ఇచ్చేది. మాట తక్కువ మనిషి. అంత తక్కువ మాట్లాడే మనిషిని నవలలో గయ్యాళిగా చేయడానికి నరసింహయ్య చాలా కష్టపడి ఉండాలి.

గ్రంథాలయం ప్రతి ఎండాకాలం నలిగిన పుస్తకాలను నాకు పంపుతుంది. 1956 మే నెలలో పంపిన ముప్పైలో ఈ నవల ఉంది. కుట్టు విప్పి ఆకులు సర్దుతుండగా రామసుబ్బమ్మ సంచితో వచ్చి, నా చేతిలోకి చూసింది.

“అది ఆయప్ప పుస్తకమేనా?” అంది.

“అదే చిన్నమ్మా.”

“అంచుల్లో రాసినారంట గదా. సదువు, వింటా.”

“నవల చదవమంటావా?”

“నవల నాకెందుకప్పా. దాంట్లో నేను కాపురం చేస్తాండా. ఊరు ఏం రాసిందో అది సదువు.”

వద్దన్నాను. ఆమె గడప మీద కూర్చుంది. సంగటికి వచ్చిన ప్రతిసారీ నరసింహయ్య ‘ఈ పొద్దు ఫలానావాడు నీ మీద ఏమి రాసినాడో విను’ అని వినిపిస్తూనే ఉన్నాడట. ఆయన ఏరి తెచ్చినవే విని విని విసుగు వచ్చిందని, ఏరనివి కూడా వినాలని అంది. చదివాను.

మొదటిది ఎర్ర పెన్సిలు. ‘హిందూ స్త్రీ ధర్మము అడుగంటినది. ఇట్టి భార్య పగవానికి కూడ వలదు.’

“ఎర్ర పెన్సిలంటే ఆ పాత రెవిన్యూ ఆయప్పేలే,” అంది రామసుబ్బమ్మ. “వాళ్ళింటామె ఆయప్ప కుక్క తిన్నాంక తినాల. ధర్మం యట్ల అడుగంటుతాది, ఆమె ఒంటి మీదనే వాతలుగా మొలిచిండాది కదా.”

తరువాత పచ్చ సిరా. ‘వీరిరువురును విడిపోవుటయే ఉత్తమము. ప్రేమ లేని పెండ్లి జైలు.’

“ఇది ఎవురు?”

“గుడ్డలంగడి వాళ్ళ రెండో కొడుకు.”

“వానికి ఇంకా పెండ్లి కాలే. పిల్లను సూడమని వాళ్ళమ్మను పొద్దుమాపు సంపుతాండాడు. జైలుకు పోను అంత ఆత్రమేంటికో.”

దాని కింద ఊదా రంగులో వకీలు గుమాస్తా: ‘కొత్త చట్టము ప్రకారము చంద్రశేఖరమునకు విడాకులు దొరకును. కారణములు చాలును.’ ఆమె అడిగితే చట్టం సంగతి చెప్పాను. “అయితే ఆయప్ప అచ్చుకు ముందే ఆ రైలెక్కి పొయ్యింటే నాకు ఆ రెండో ఎనుమన్నా మిగిలిండును,” అంది.

చింతపండు అడిగిన చోట అంచు నిండిపోయింది. ‘అయ్యో పాపం కవి హృదయము.’ ‘రసము తెలియని మొద్దు.’ ‘చింతపండు నోట్లో కుక్కవలయును.’ చివరిది మా పోస్టు మాస్టరు దస్తూరీ. ఆయన ఊళ్ళో నెమ్మదస్తుడని పేరు.

“చింతపండు అడిగింది నిజమేనా చిన్నమ్మా?”

“నిజమే. ముందు ఒక మాటయినా సెప్పకుండా ముగ్గుర్ని పిల్చకొచ్చి పంచలో కూసోబెట్టి, చారు బాగా కాంచమని సెప్పి, ఈయప్ప పద్యం మొదులుపెట్టె. ఇంట్లో చింతపండు లేదు. వెన్నెల పోసి కాంచేదా?”

నాకు నవ్వు వచ్చింది. ఆమెకు రాలేదు. మొత్తం చదవడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఊళ్ళో ఎవడు ఎంత చవటో చూడాలంటే వాడి ఇంటికి పోనక్కరలేదు, వాడు ఇంకొకరి సంసారం మీద ఏం రాశాడో చూస్తే చాలునని నాకు ఆ రెండు రోజుల్లో బాగా తెలిసింది.

నూట ఎనభై ఏడో పేజీ అడుగున పెన్సిలుతో ఒక సన్నటి వరుస ఉంది. అక్షరాలు భయపడుతూ రాసినట్టు చిన్నగా, వాలుగా ఉన్నాయి. సంతకం లేదు. ఎవరో మగవాడు ఇంటికి తీసుకుపోయినప్పుడు ఆ ఇంట్లో ఆడవాళ్ళు రాసి ఉంటారని నాకు తోచింది. ‘ఇంత పుస్తకంలో ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు.’

రామసుబ్బమ్మ మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది. “యాడుండాది, నా వేలు పెట్టు,” అంది. పెట్టాను. ఆ వరుస పొడుగునా వేలు జరిపి, చివరికి వచ్చాక చెయ్యి తీసేసింది.

“పుస్తకం ఎప్పుడైతాది?”

“సోమవారం.”

“సోమవారం వస్తా,” అని లేచి వెళ్ళింది.

కోత ముక్కల కోసమే వస్తుందనుకున్నాను. ఆమె వెళ్ళాక నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఎర్ర పెన్సిళ్ళు, పచ్చ సిరాలు నా బైండుతో, నా జిగురుతో ఇంకో ఇరవై ఏళ్ళు బతకాలా? మామూలుగా అంచు నూలు దారమంత కోస్తాం. ఆ రోజు కత్తిని అచ్చు అక్షరాల దాకా నడిపాను. ఆ ఒక్క పెన్సిలు వరుస గుర్తు రాకపోలేదు. కానీ పుస్తకాన్ని మొత్తంగా బిగించి కోస్తాం, ఒక్క ఆకును వదలడం కత్తికి రాదు. మూడు వందల తిట్లు పోతుంటే మంచి మాట ఒకటి పోతే ఏం, ఆమెకు లాభమే కదా అనుకున్నాను. చాలా గొప్ప పని చేసినట్టు ఆ పూట రెండు టీలు తాగాను.

సోమవారం ఆమె వచ్చింది. వెనక నరసింహయ్య ఉన్నాడు. ఆయన చేతిలో సగం రాసిన దస్తావేజు ఉంది. పని మధ్యలో లాక్కొచ్చిందని సణుగుతున్నాడు.

“దస్తావేజు పార్టీవాళ్ళు అక్కడ ఎండలో కూసోనుండారు. ఏందో సూపిస్తానంటావు, బైండరంగట్లో నీకేం పనే?”

ఆమె నా వైపు తిరిగి, “ఆ మాట తియ్యప్పా. ఆయనే సదువుకోనీ,” అంది.

అప్పుడు అర్థమైంది నాకు. పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాను. అచ్చు అయిపోయిన చోటే కాగితం కూడా అయిపోయింది. రామసుబ్బమ్మకు చదువు రాదు కానీ వేలు పెట్టిన చోటు తెలుసు. ఆ చోటు లేదు.

“కోసేసినా చిన్నమ్మా,” అన్నాను.

నరసింహయ్య పుస్తకం లాక్కుని ఆకులు తిప్పాడు. “అన్నీ కోసినావా? రెండో అచ్చులో ముందు పేజీల్లో ఏద్దామనుకుంటిని గదప్పా ఆ అభిప్రాయాలన్నీ. నీకు బుద్దుండాదా?”

“అది పోనీ,” అంది రామసుబ్బమ్మ. “దాంట్లో ఒకరు నా పక్కన రాసిండారు. నన్ను ఎవురూ ఒక మాట అడగలేదని రాసిండారు. నువ్వు అది నాకు ఎప్పుడూ సదివి సెప్పలే.”

“అట్లాంటిది లేదు. ఉంటే నేను సూడనా?”

“ఉండేది. నూట ఎనభై ఏడో పేజీ అడుగున,” అన్నాను నేను.

“సూపీ.”

నేను తునకల కుప్ప వైపు చూశాను. నరసింహయ్య నవ్వాడు. దస్తావేజులో దిద్దుపాటు దొరికినప్పుడు నవ్వే నవ్వు అది. “కాగితం మీద లేంది సాక్ష్యం కాదప్పా. నోటి మాటకు స్టాంపు యాడ ఏస్తావు?” అని పుస్తకం బల్ల మీద పడేసి, ఎండలో కూర్చున్న పార్టీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో మొగుణ్ణి పని మధ్యలో లేపుకుని రావడం ఆమెకు అదే మొదటిసారి. నా కత్తి వల్ల ఆమె అబద్ధాలకోరుగా నిలబడింది. ‘ఇట్టి భార్య వలదు’ అన్న ఎర్ర పెన్సిలు కూడా ఆమెకు అంత చెయ్యలేదు.

తునకల కుప్పలో వెతికాను. కత్తి అంచును ఒక్క దెబ్బకు ఊడగొట్టదు, సన్నసన్నగా గీరుతూ పోతుంది. అక్షరాల తలకట్లు ఒక తునకలో, అడుగు వత్తులు ఇంకో తునకలో. ఎర్రవీ పచ్చవీ గుర్తు పట్టగలిగాను. పెన్సిలు వరుస దొరకలేదు. ఆమె ఆ తునకలను చూసి, “నన్ను ఒక మాట అడిగింటే ఏం పోయిండునప్పా?” అంది. గొంతులో కోపం లేదు. కొళాయి దగ్గర ఎవరైనా తన బిందె జరిపితే అడిగినట్టు అడిగింది.

పెన్సిలుతో నేనే ఆ మాట మళ్ళీ రాస్తానన్నాను. అది కూడా ఎవరినీ అడగకుండా వచ్చిన ఆలోచనే.

“నువ్వు రాస్తే నీ మాటయితాది. వద్దులే,” అంది. తునకలన్నీ సంచిలోకి దోసి, మూతి ముడివేసి, నెత్తిన పెట్టుకుని పోయింది. ఆ రోజు మజ్జిగ చెంబు తేలేదు.

ఊరి అభిప్రాయాలు ఆమె ఇంట్లో మూడు రోజులు నానాయి. మెంతులతో కలిసి రోట్లో నలిగాయి. పది రోజుల తరువాత ఆ దారిన పోతూ చూస్తే, పంచలో కొత్త బుట్టతో ఎనుముకు తవుడు పోస్తోంది. బుట్ట బూడిద రంగులో ఉంది, అక్కడక్కడ కొంచెం ఎరుపు, కొంచెం పచ్చ. పెన్సిలు ఎటూ బూడిద రంగే.

నవల గ్రంథాలయానికి తిరిగి పోయింది. ఊళ్ళో పెద్దలందరికీ కోపం వచ్చింది. రెండేళ్ళ సాహిత్య విమర్శ నాశనమైందని ఎర్ర పెన్సిలు ఆయన గ్రంథాలయం పంచలోనే నిలబడి అందరికీ చెప్పాడు. తమ మాటలు కాక ఆ అంచుల్లో ఇంకేమి పోయిందో ఒక్కడూ అడగలేదు. నేను కూడా చెప్పలేదు. నెల తిరక్కుండానే ఆ పుస్తకాన్ని తెరిచి చూశాను. అంచు లేకపోయినా మా పాఠకులు ఆగుతారా? మొదటి పేజీలో శీర్షిక కింద ఉన్న కొద్ది జాగాలో ఒకడు అప్పుడే మొదలుపెట్టాడు.

తరువాత కొన్నాళ్ళకు రామసుబ్బమ్మ మళ్ళీ సంచితో వచ్చింది. ఈసారి మజ్జిగ చెంబు కూడా తెచ్చింది.

“ఊరు ఇంగేమన్నా రాసిందా?” అంది.

“ఒకటి రాసింది.”

“నా మీదనా?”

“నా మీద. ‘అంచులు మరీ ఎక్కువ కోసినాడు. బైండరు వట్టి మూర్ఖుడు’ అని.”

ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను. పై పళ్ళలో ఒకటి లేదు. ఆ సంగతి కూడా నవలలో లేదు.

“ఎవురో గాని, తెలిసినోడే రాసినాడప్పా,” అని చెంబు బల్ల మీద పెట్టి, తునకలు సంచిలోకి ఎత్తుకోవడం మొదలుపెట్టింది.