కానుగ మొక్కల మేడం

మార్కాపురం బస్టాండు పక్కన నూడుల్స్ బండివాడు పెనం మీద వెనిగర్ చల్లినప్పుడల్లా అందరికీ నోరూరుతుంది, నాకు మాత్రం బాటనీ ల్యాబ్ గుర్తొస్తుంది. డిగ్రీలో మాకు వృక్షశాస్త్రం చెప్పిన కృపారాణి మేడం, మొక్కల వేళ్లను వెనిగర్ కలిపిన సిరాలో నానబెట్టి మైక్రోస్కోపు కింద పెట్టేవారు. వేరు లోపల అల్లుకున్న బూజు దారాలు నీలంగా కనిపించేవి. "సూడు తల్లీ, చెట్టుకూ బూజుకూ వియ్యం. బూజు నీళ్లు, సత్తువ తెచ్చిస్తది, చెట్టు తిండి పెడతది," అని తన ఇంట్లో పెళ్లి జరుగుతున్నంతగా మురిసిపోయేవారు. ఆ మురిపెం చూసే నేను ఆ చదువులో పడ్డాను.

మా పల్లె పుల్లలచెరువు దారిలో ఉంది. ఎవరో ఊరికాని ఊరివాళ్లు మా ఇళ్ల పక్కన షెడ్డు వేసి, పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసుకుని, ఒకనాడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారు. ఆ నేలలో గడ్డి కూడా మొలవలేదు. ఎండాకాలం గాలి లేచిందంటే సీసం కలిసిన ఆ నల్లదుమ్ము పిల్లల అన్నం కంచాల్లోకి వచ్చేది. ఈ సంగతి చెప్పగానే మేడం నా వెంట బస్సెక్కారు. నేలంతా తిరిగి చూసి, "ముందు దుమ్ము లేవకుండా చెట్లు నిలబెట్టాల. కానుగైతే మేకలు అంతగా ముట్టవు," అన్నారు.

మొదటి ఏటి వానలకు పెట్టిన మొక్కలు పసుపుపచ్చగా మారి చచ్చిపోయాయి. మరుసటి ఏడూ అంతే. మా మరియమ్మ పెద్దమ్మ జాలిపడి, "సచ్చిన నేలమ్మా అది. ఇడిసిపెట్టు," అంది. మేడం విడిచిపెట్టే రకం కాదు. చచ్చిన మొక్క వేరును ల్యాబ్‌కు తెచ్చి చూశారు. ఒక్క నీలి దారం లేదు. తను చేసిన పొరపాటేమిటో అప్పుడు ఆవిడకు తట్టింది. ఆవిడది హనుమంతునిపాడు వైపు మిరప పండించే కుటుంబం. వేరుకుళ్లు రాకుండా నారుమడికి మైలుతుత్తం నీళ్లు పోయడం మా వైపు రైతుల ఇళ్లలో చిన్నప్పటి నుంచీ చూసే పని. అదే అలవాటున ఆవిడ రెండో ఏట పెట్టిన కానుగ మొక్కలకూ పోయించి ఉన్నారు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక మా పల్లెవాళ్లందరి ముందూ నిలబడ్డారు. "తప్పు నాదే. మొక్కకు తోడుండే బూజును మైలుతుత్తం పోసి నేనే సంపినాను. అందులో ఉండేది రాగి. ఉన్న విషం చాలదని ఇంకొంచెం కలిపినాను. మీ పిల్లోళ్లు ఇంకో ఏడు దుమ్ము తిన్యారు," అన్నారు. అంత చదివిన మనిషి అలా చెప్పగా నేను అంతకుముందు వినలేదు. మా పెద్దమ్మ లేచి ఆవిడ చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

మూడోసారి వాగు ఒడ్డున ముసలి కానుగ కింద బూజు బతికున్న మట్టి తెచ్చి, మొక్కలు పెంచే ప్రతి సంచిలో గుప్పెడు వేశాం. అన్నీ బతకలేదు. బతికినవి మాత్రం పాతుకున్నాయి. బూజు దారాలు సీసాన్ని చాలావరకు వేళ్ల దగ్గరే పట్టి ఉంచి, ఆకులదాకా పోనివ్వవని మేడం చెప్పారు. వెంటనే, "అన్ని చెట్లకూ ఇట్లనే జరుగుతదని రాసుకోవద్దు," అని హెచ్చరించారు. కొత్త చిగురు చూసినరోజు మాత్రం ఆ హెచ్చరికలన్నీ గాలికి వదిలేసి, "బతికినాయి మే!" అని నన్ను వాటేసుకున్నారు.

మేడం పోయి ఏళ్లయింది. ఇప్పుడు నేనూ బాటనీ చెబుతున్నాను. దుమ్ము తగ్గింది, కానుగలు నీడనిస్తున్నాయి. మొన్న నా తమ్ముడు ఏసోబు ఇంటికొచ్చాడు. ఇద్దరు పిల్లలతో ఒంటిగది అద్దెలో ఉంటున్నాడు.

"అక్కా, సీసం పోయినట్టే గదా? నేల బాగైందని నువ్వు ఒక్క మాట చెప్తే సర్కారోళ్లు చెట్లు కొట్టి ఇళ్ల స్థలాలు ఇస్తారంట."

"పోలేదురా. వేళ్లకాడ ఆగింది, అంతే. తవ్వితే మళ్లా లేస్తది."

"మేడమైతే ఏమనేది?"

"ఇదే అనేది."

వడ్డించిన అన్నం వదిలేసి వాడు వెళ్లిపోయాడు. నేను ఏడ్చాను. మర్నాడు అమ్మ ఫోన్ చేసి, "నీ తమ్ముడు కంప కొట్టుకొచ్చి కానుగల సుట్టూ ఏస్తుండాడు. ఎవురూ తవ్వగూడదంట," అంది. సొంతవాళ్లు అడిగినా ఉన్నదే చెప్పే ఈ నోరు నాకు మేడం ఇచ్చిందే. దాని బరువు మోస్తున్నది మాత్రం ఇంకా ఇల్లు లేని నా తమ్ముడు.