వాగు తేటగా వచ్చిన ఏడు

మా వాగుకు పేరు లేదు. ఉదయగిరి కొండకు తూర్పు పక్క గుట్టల మీద పడిన వాన నాలుగైదు పాయలుగా దిగి, మా అన్న చేని పక్కన ఒకటై, దుత్తలూరు రోడ్డు కింద తూములో దూరి, నా చేని గట్టు రాసుకుంటూ పోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. గుట్టలకు ఆ పక్క పడిన వాన ఎటు పోతుందో నేనెప్పుడూ పట్టించుకోలేదు. నాకున్న ఒక్క తోబుట్టువూ ఈ పక్కే ఉన్నాడు.

నాయన పోయాక నా భాగం నేను అడిగాను. ఆడబిడ్డ అడగడమేమిటని ఊరు బుగ్గలు నొక్కుకుంది. అన్న మారుమాట లేకుండా సంతకం పెట్టి, కింది చేను నాకిచ్చాడు. మాట్లాడడం మాత్రం మానేశాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా, నేనూ మానేశాను. నా భర్త పోయి ఒంటిదాన్నయ్యాక కూడా ఆ గడప తొక్కలేదు.

అయినా అన్న సంగతులు వాగులో కనబడేవి. తొలి వానకే ఎర్ర నేల దున్నే అలవాటు ఆయనది. మలి వానకు నీళ్ళు ఎర్రగా వస్తే దుక్కి అయిందనుకునేదాన్ని. సజ్జ చొప్ప కొట్టుకొస్తే, ఈ ఏడూ వామి వెయ్యకుండా బద్ధకించాడని తిట్టుకునేదాన్ని. తిట్టుకుని, ఇంటికొచ్చి ఒక్కదానికి వండుకునేదాన్ని.

మొన్న కార్తీకంలో వాన మీద వాన పడినా నీళ్ళు తేటగా వచ్చాయి. అడుగున గులకరాళ్ళు కనబడుతున్నాయి.

"ఎంత బాగుండాయి నీళ్ళు," అని గొడ్లు తోలుకొచ్చినామె మురిసిపోయింది.

నాకు భయమేసింది. కాలూ చెయ్యీ ఆడుతుంటే అన్న దున్నకుండా ఉండడు. చెప్పులు చేతబట్టుకుని వాగు వెంబడే పైకి నడిచాను. చేలో పిచ్చిగడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. ఇంటికి తాళం. పక్కింటామె పేడతట్ట దించి నన్ను ఎగాదిగా చూసింది.

"వానలకు ముందే మీ అన్నకు ఒక పక్క పడిపోయింది గదమ్మా. నెల్లూరికి తీసకపోయినారు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదని ఆమె ముందు ఒప్పుకోవడానికి నాకు ప్రాణం ఒప్పలేదు.

"చెప్పకుండా ఉంటారా? చెప్పినారు," అన్నాను.

ఆమె తట్ట ఎత్తుకుంది. నెల్లూరులో ఎక్కడున్నాడు, ఎవరు చూసుకుంటున్నారు, మాట వస్తుందా రాదా, అన్నీ గొంతుదాకా వచ్చాయి. చెప్పినారన్నదాన్ని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను? ఆమె లోపలికి పోయి తలుపు వేసుకునేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.