చేలో చేపలు

నందివెలుగు కృపారావు పొద్దున్నే లుంగీ ఎగగట్టి గట్టెక్కితే బాతులు ఆయన వెనకే బారు కడతాయి. వాటి పెంట గుంటలో చేపలకు మేత, గుంట బురద గట్టుమీది సొరపాదుకు ఎరువు. ఉన్న ఎకరం వరిచేలో కొంత తవ్వి గుంట చేసినప్పుడు, "అన్నం పెట్టే నేలను గొయ్యి చేస్తారా?" అని భార్య ప్రమీల అలిగింది. "ఒక్క వరినే నమ్ముకుంటే గాలివానకి ఏం మిగులుద్దే?" అన్నాడాయన.

ఈసారి తుఫానుకు కోతకొచ్చిన వరి నేలకొరిగి నీట మునిగింది. గుంటా పొంగింది. చేపలూ పోయాయనుకుని, భార్య ముఖం చూడలేక గట్టుమీద కూలబడ్డాడు. ప్రమీల మాత్రం చీర ఎగదోపి చేలోకి దిగింది. పొలం గట్టు దాటలేక చేపలన్నీ వరిదుబ్బుల మధ్యే తిరుగుతున్నాయి. "ఏంటండీ ఆ కూర్చోవడం? గంప తెండి, ఈ ఏడు చేపలు కోద్దాం!"