పిన్నీసు మొన

ఇక లాభం లేదని బెంగళూరు ఆసుపత్రి పంపేసిన ధర్మవరం నేతగాడూ అతని భార్యా ఆ ప్యాసింజర్ రైల్లో నా ఎదుట కూర్చున్నారు. హిందూపురం దాటాక నాదేం పనని ఆమె అడిగింది. పట్టుపోగు కన్నా పలుచని పొర మీద కంటికి కనబడని అయస్కాంతపు చుక్కలు అమరుస్తామనీ, అవి నెత్తుట్లోని రోగకణాలను ఏరి లాగేస్తాయనీ గొప్పగా చెప్పాను.

ఆమె గాజులకున్న పిన్నీసు తీసి భర్త వేలు పొడిచి, ఆ వేలు నా ముందు పెట్టింది.

"ఇదో, ఈయన నెత్తురు. ఏరప్పా, చూస్తాను."

"ఇంకా మనుషుల దాకా రాలేదమ్మా. ఎలుకల మీదే చేస్తున్నాం."

అతను వేలు చప్పరించాడు. "బాగైన ఎలుకల్ని ఇడిచిపెడతారా?"

"లేదు. కోసి చూస్తాం."

పెనుకొండలో రైలు ఆగింది. అప్పుడతను భార్య వైపు తిరిగి నవ్వాడు.

"మనమే మేలు, మే. ఇంటికి పంపినారు."