పోతమ్మ గంత

మనవరాలు సాయిదుర్గ పండగ ఆటలో చాప మీద పడుకోవడానికి ఇంకా గంట టైముంది. ఆలోగా ఒక్కరైనా తన మాట నమ్మితే చాలని పోతమ్మ జాలరిపేట సందుల్లో తడుముకుంటూ తిరుగుతోంది.

పదహారేళ్ళకి తండ్రి సాము బృందంలో కత్తి పట్టిన మనిషి. భీమిలి నుంచి పూడిమడక దాకా అమ్మవారి పండగల్లో ఆమె ఆడని ఊరు లేదు. కళ్ళకు నల్లగుడ్డ గంత కట్టుకుని, మనిషి పొట్ట మీద దోసకాయను రెండు చెక్కలు చేసేది. చర్మం మీద గీత పడేది కాదు. కత్తి ఎత్తే ముందు తన కథ చెప్పేది. వయసులో ఉండగా సముద్రం అడుగున రాకాసి తల నరికింది. పిల్లల తల్లయ్యాక నాగలోకం వెళ్ళి మొగుణ్ణి విడిపించుకొచ్చింది. జుట్టు నెరిశాక యముడితోనే కలబడింది. చీకట్లో చూసే చూపు అమ్మవారే ఇచ్చింది. కథ కూడా ఆమెతోపాటే ముసలిదైంది.

కథలో చెప్పనిది ఒక్కటే. గంత కింద, ముక్కు పక్కన, వేలెడు సందుండేది. తల కాస్త ఎత్తితే అన్నీ కనిపించేవి. ఆ సంగతి బృందం దాటకూడదన్నాడు తండ్రి. దాటలేదు. బృందంలో ఇప్పుడు మిగిలింది పోతమ్మే.

నీటికాసులతో రెండు కళ్ళూ పోయాయి. ఇక చూపు రాదని సీతమ్మధార డాక్టరు చెప్పినప్పుడు మనవరాలు సాయిదుర్గ పక్కనే ఉంది. "నీకు కళ్ళతో పనేటి మామ్మా?" అని ఆటోలో నవ్వింది.

పండగ పెద్ద దొరబాబు, వరసకు మేనల్లుడు, ఇవాళ అదే నవ్వు నవ్వాడు.

"సందులోంచి సూసేదాన్నిరా. ఒట్టు."

"యముడ్నే తన్నిన మనిషివి, దోసకాయకి బెదురుతావేటత్తా? నువ్వు కాదంటే సెప్పు, కత్తి కార్తీక్‌కిస్తాను. ఫోన్లో సూసి నేర్సుకున్నాడు."

పోతమ్మ తడుముకుంటూ ఇంటికొచ్చింది. మనవరాలి చెయ్యి పట్టుకుంది. "సాయీ, పడుకోకే."

"మా షాపోళ్ళందర్నీ పిలిసీసేను మామ్మా. ఎవులు కొట్టినా పడుకుంటాను."

కార్తీక్ చేతికి పోకుండా కత్తి తనే తీసుకుంది.

డప్పులు మోగాయి. గంత కట్టారు. పోతమ్మ కాలి బొటనవేలితో చాప అంచు వెతికింది. "సాయీ, పలకవే" అంది. "ఇక్కడే ఉన్నాను మామ్మా" అన్న గొంతుకు వీపు పెట్టింది. చాప దిగి నాలుగడుగులు వేసి, ఉత్త ఇసకలోకి కత్తి దించింది.

డప్పులు ఆగిపోయాయి.

"పిల్ల మైలతో పడుకుంది" అంది ఒక ఆడగొంతు. "అమ్మోరు కత్తి లాగీసింది, సూళ్ళేదా?"

"ఈ ఏడు ఇంక కత్తి ఎత్తకూడదు" అన్నాడు దొరబాబు.

"నానే కావాలని పక్కకి కొట్టానర్రా! నా కళ్ళు కనపడవు!"

"మనవరాల్ని ఎనకేసుకొత్తంది, పాపం" అన్నారెవరో.

ఇసకలో దోసకాయ పడిన చప్పుడైంది. సాయిదుర్గ లేచినట్టుంది. ఆమె తగలకుండా ఆడవాళ్ళు చీరలు దగ్గరకు లాక్కుంటూ జరుగుతున్న అలికిడి వినిపించింది.

"సాయీ" అని పిలిచింది పోతమ్మ. గంత లాగేసి, మనవరాలు ఏ వైపు వెళ్ళిందో తెలియక, అక్కడే నిలబడిపోయింది.